పెట్టె జవాబు చెప్పేదాకా

రాజరాజేశ్వరి ఏడవలేదు. ఫణి పోయిన నాటి నుంచి మాదన్నపేటలో వాళ్ల సందు మొత్తానికి ఇదొక్కటే వార్త. చావింటికి వచ్చేవాళ్లు పోయినవాళ్లను చూడ్డానికి వస్తారని అనుకుంటాం గానీ, సగంమంది ఉన్నవాళ్లు ఎలా ఏడుస్తున్నారో చూడ్డానికి వస్తారు. సరిగ్గా ఏడిస్తే "పాపం" అని కళ్లొత్తుకుని వెళ్లిపోతారు. ఏడవకపోతే మాత్రం వాళ్లకు కూర్చున్న చోటు నుంచి లేవబుద్ధి కాదు. కొందరు ఆమెను గట్టి మనిషన్నారు, కొందరు రాతి గుండె అన్నారు. రెండు మాటలూ ఆమె చెవిన పడ్డాయి. ఆమెకు రెండింటికీ తేడా తెలియలేదు.

ఫణి ఆమె భర్త. ఆదివారం పొద్దున కూరగాయల మార్కెట్‌కు వెళ్లి, తోటకూర కట్టలు సంచిలో వేసుకుంటూ అక్కడే కూలబడ్డాడు. గుండెపోటు. మనిషిని ఆసుపత్రికి తీసుకుపోయినవాళ్లు వేరు, సంచిని ఇంటికి తెచ్చి ఇచ్చినవాళ్లు వేరు. సంచే ముందు ఇంటికొచ్చింది. మర్నాడు భీమవరం నుంచి చుట్టాలు దిగి గుండెలు బాదుకుంటుంటే, రాజేశ్వరి ఫ్రిజ్ తలుపు తీసి, "తోటకూర వాడిపోతోంది, ఎవరైనా తీసుకెళ్లండి" అంది. ఆ మాటకు చుట్టాల ఏడుపు ఠక్కున ఆగిపోయింది. ఇప్పటికీ భీమవరంలో పెళ్లిళ్లకు కలిసినప్పుడు ఆ సంగతి చెప్పుకుంటారు.

ఆమె మనసులో ఏముందని అడిగితే, ఏమీ లేదు. అన్నం రుచి తెలియదు, ఎండ తెలియదు. పొద్దున లేవడం, ఆఫీసు వ్యాన్ ఎక్కడం, దిగడం. ఎవరేమడిగినా జవాబు చెప్పేది. ఆ జవాబు మాత్రం ఎవరో పక్కింటివాళ్లు చెప్పినట్టు ఉండేది.

భార్యాభర్తలిద్దరూ పనిచేసింది ఒక్కచోటే. ఊరికి దక్షిణపు అంచున, ఎత్తయిన గోడల వెనక ఉన్న చిన్న ప్రైవేటు పరీక్షా కేంద్రం అది. సైన్యానికి వెళ్లే రేడియోలు, మీటర్లు, రకరకాల ఎలక్ట్రానిక్ పెట్టెలు ముందు అక్కడికి వచ్చి దెబ్బలు తిని పోవాలి. సుత్తి దెబ్బలు కావు. యుద్ధ ట్యాంకులో ఒక పెట్టె పక్కనే రేడియో పనిచేస్తుంటుంది, ఆ పక్కన మోటారు తిరుగుతుంటుంది. వాటి నుంచి పుట్టే అల్లరి కరెంటు కేబుళ్ల వెంట పాకి పెట్టెలోకి దూరుతుంది. అప్పుడు పెట్టె తన పని తాను చేసుకుపోతుందా, లేక బిత్తరపోయి పని మానేస్తుందా అన్నది ముందే తేల్చుకోవాలి. అందుకని కేబుల్‌కు కడియం లాంటి ప్రోబ్ తొడిగి, దాని ద్వారా కావాలనే అల్లరి కరెంటు ఎక్కిస్తారు. తక్కువ ఫ్రీక్వెన్సీ దగ్గర మొదలుపెట్టి మెట్టుమెట్టుగా పైకి పోతారు. ప్రతి మెట్టు దగ్గరా ఆగి పెట్టె ఎలా ఉందో చూస్తారు.

ఏళ్ల తరబడి ఈ పని వాళ్లిద్దరే చేశారు. పెట్టె ఉండేది ఇనుప గదిలో. రాజేశ్వరి ఆ గది గోడకున్న జాలీ కిటికీ దగ్గర కూర్చుని, పెట్టె బాగున్నంతసేపూ వెలిగే దీపం చూసేది. ఫణి వెనక గదిలో కూర్చుని నాబ్ తిప్పేవాడు. ఇద్దరి మధ్యా గోడ, గోడకు ఒక స్పీకరు. ఒక మెట్టు ఎక్కించగానే స్పీకర్లో ఫణి గొంతు వచ్చేది: "ఉందా?"

ఆమె దీపాన్ని చూసి, "ఉంది" అనేది. అప్పుడు మరో మెట్టు.

ఆ ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఎంతసేపయ్యేదో ఎవరూ కొలవలేదు. పెట్టెకో నడక ఉంటుంది. కొన్ని తగిలిన వెంటనే కుయ్యోమంటాయి, కొన్ని నిదానంగా తేల్చుకుంటాయి. రాజేశ్వరి దాని నడక పట్టుకుని, అది తేల్చుకునేదాకా చూసి గానీ నోరు తెరిచేది కాదు. ఫణి తొందరపెట్టేవాడు కాదు. పెన్ను మూతతో బల్ల మీద టిక్కు టిక్కుమని కొడుతూ కూర్చునేవాడు. ఇద్దరూ కలిసి ఏ పరీక్ష చేసినా పొద్దుగూకేది. తర్వాతి పరీక్షకు కాచుకుని కూర్చున్న టెక్నీషియన్ కొండల్, "మొగుడు పెండ్లాల ముచ్చట్లు ఒడుస్తలెవ్వు, మా పని షురువైతలేదు" అని వరండాలో నవ్వేవాడు. వాళ్లు మాట్లాడుకునేది పొద్దుటి నుంచి సాయంత్రందాకా ఆ రెండు మాటలేనని అతనికీ తెలుసు.

సెలవు అయిపోయి రాజేశ్వరి తిరిగి పనిలో చేరిన రోజు, ఫణి కుర్చీలో కొండల్ కూర్చున్నాడు. ఎవరో ఒకరు కూర్చోవాలి కదా. మొదటి మెట్టు ఎక్కించి, స్పీకర్లో మర్యాదగానే అడిగాడు. "ఉన్నదా మేడం?"

ఆమె లేచి వెళ్లి నీళ్లు తాగింది. గ్లాసు కడిగి బోర్లించింది. తిన్నగా సోమశేఖర్ గదిలోకి వెళ్లింది. ఆ కేంద్రానికి పెద్ద ఆయనే.

"ఆ సాఫ్ట్‌వేర్ పెట్టేద్దాం సార్," అంది.

పరీక్షను దానంతటదే నడిపించే సాఫ్ట్‌వేర్ పోయినేడాదే, రెండువేల మూడులో కొన్నారు. సీడీ బీరువాలోనే ఉండిపోయింది. ఫణి ఉన్నన్నాళ్లూ "చూద్దాం సార్, చూద్దాం" అంటూ దాటేశాడు. ఇప్పుడు ఆమె అంతట ఆమే అడుగుతుంటే సోమశేఖర్ పొంగిపోయాడు. "మీరు చాలా స్ట్రాంగ్ మేడం," అన్నాడు.

ఆ పనిలో ఆమె మునిగిపోయిందని అందరూ అనుకున్నారు. మునగలేదు, తేలలేదు, చేసుకుపోయింది. పరికరాలన్నిటినీ కంప్యూటరుకు కలిపింది. ఒక్కొక్కదానికి ఒక్కొక్క నంబరు ఇచ్చి, పిలిస్తే పలుకుతుందో లేదో చూసింది. ప్రోబ్‌ను ముందు పెట్టె కేబుల్ లేని ఖాళీ బిగింపులో పెట్టి, ఏ మెట్టు దగ్గర ఎంత పవర్ ఇస్తే కావలసినంత కరెంటు ఎక్కుతుందో సాఫ్ట్‌వేర్‌కు నేర్పింది. పెట్టె దీపం ఆరితే తెలిసేలా ఒక తీగ లాగి కంప్యూటరుకు ఇచ్చింది. ఇక కిటికీ దగ్గర ఎవరూ కూర్చోనక్కర్లేదు. ఎవరూ ఏమీ అడగనక్కర్లేదు.

స్క్రీన్ మీద గళ్లు నింపాలి. ఎక్కడ మొదలు, ఎక్కడ ఆఖరు, మెట్టు ఎంత. చివరి గడి: ప్రతి మెట్టు దగ్గరా ఎంతసేపు ఆగాలి? సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్లు అందులో ముందుగానే మూడు సెకన్లని పెట్టి ఉంచారు. సైన్యం వాళ్ల నిబంధన ఏమంటుందంటే, మూడు సెకన్లో, లేక పెట్టె తన బాధ బయటపెట్టడానికి పట్టే సమయమో, రెండిట్లో ఏది ఎక్కువైతే అంతసేపు ఆగమంటుంది. ఆ వాక్యం రాజేశ్వరికి కంఠతా వచ్చు. కానీ ఇన్నేళ్లలో ఆమె ఆగడాన్ని అంకెగా ఎప్పుడూ రాయలేదు. ఫణి ఎంతసేపు ఆగేవాడు? ఆమె చెప్పేదాకా ఆగేవాడు. అది ఏ గడిలో పడుతుంది? మూడును చూసింది. మూడు బాగానే ఉందనిపించింది. ఆ రోజుల్లో ఆమెకు అన్నీ బాగానే ఉన్నట్టు అనిపించేవి.

సాఫ్ట్‌వేర్ చేతికి దొరికిన మొదటి పెట్టె రామ్‌చందర్‌ది. చార్‌కమాన్ దగ్గర తాతల నాటి ఇత్తడి సామాన్ల దుకాణం అన్నలకు వదిలేసి, జల్‌పల్లిలో షెడ్డు వేసుకుని ఎలక్ట్రానిక్స్ మొదలుపెట్టిన మనిషి అతను. బిందెలమ్మే ఇంట్లో పుట్టి ట్యాంకులకు పెట్టెలు చేస్తాడట అని నవ్వనివాళ్లు ఆ బజారులో లేరు. అతని పెట్టె పని మంటల మీద కాపలా. ట్యాంకు లోపల మూలమూలలా మంటను పసిగట్టే సెన్సర్లు, కళ్లలాంటివి, పెడతారు. ఎక్కడ మంట కనబడినా పెట్టె రెప్పపాటులో ఆర్పే గ్యాసు వదిలి, లోపలున్న సైనికులు కాలిపోకుండా కాపాడాలి. అందుకని ఆ పెట్టె ఒక్కొక్క కన్నునూ వరసగా "బాగున్నావా?" అని పలకరిస్తూ తిరుగుతుంటుంది. ఏదైనా కన్ను పలక్కపోతే మొదటిసారి నమ్మదు. చుట్టు తిరిగి వచ్చి మళ్లీ అడుగుతుంది. రెండోసారి కూడా పలక్కపోతేనే ఆకుపచ్చ దీపం ఆర్పుతుంది.

పరీక్ష మధ్యాహ్నానికల్లా అయిపోయింది. స్క్రీన్ మీద పాస్ అని పడింది. సోమశేఖర్ తానే వచ్చి చూసుకుని మురిసిపోయాడు. రామ్‌చందర్ డబ్బా నిండా బాదుషాలు తెప్పించాడు. "పొద్దుగాల సంతకం వెట్టున్రి మేడం, మధ్యాహ్నం లారీ ఎక్కిస్త. ఫౌజోళ్లు ట్యాంకుల వెట్టి నడిపిస్తరంట, లోపట మనుషులు కూసోని!" అని అందరి చేతుల్లో తలో బాదుషా పెట్టాడు. రాజేశ్వరి తనది కాగితంలో చుట్టి బ్యాగులో వేసుకుంది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి నల్లా నీళ్లు వచ్చే వేళైంది. కింద వాటాలో ఉండే ఇంటిగలామె నాగమణమ్మ రెండు బిందెలు చంకన పెట్టుకుని వాకిట్లో అడ్డంగా పరిగెడుతోంది. పోతూ పోతూ మెట్ల దగ్గర రాజేశ్వరిని చూసింది.

"అన్నం తిన్నవా బిడ్డా?" అంది, అంటూనే వెనక వాకిట్లోకి మాయమైంది.

రాజేశ్వరి మెట్టు మీద నిలబడిపోయింది. తిన్నానా? టిఫిన్ డబ్బా బరువుగానే ఉంది. అంటే మధ్యాహ్నం తినలేదు. పొద్దున? పొద్దున పాలు పొయ్యి మీద పెట్టడం గుర్తుంది. తాగడం గుర్తులేదు. నిన్న? అలా ఒక్కొక్కటే వెతుక్కుని, ఆఖరికి, "లేదండీ" అంది. వాకిలి ఖాళీగా ఉంది. వెనక నుంచి బిందెలో నీళ్లు పడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఆమె ఇంకా మెట్ల మీదే ఉండగా నాగమణమ్మ భర్త వైకుంఠం దుకాణం నుంచి వచ్చి చెప్పులు విడుస్తూ, వెనక్కి కేకేశాడు. "ఏమేవ్, మీది ఆమెకు ఇంత అన్నం వెట్టినవా? ఎండిపోతున్నది పిల్ల."

"అడిగిన. తిన్నదంట," నీళ్ల చప్పుడు మధ్య నుంచి నాగమణమ్మ అంది.

రాజేశ్వరి వెనక వాకిట్లోకి వెళ్లింది. "తిన్నానని నేనెప్పుడన్నానండీ?"

నాగమణమ్మ తల ఎత్తి చూసింది. "అయ్యో! నువ్వేమనలే గద బిడ్డా. ఏమనకపోతె తిన్నవనే అనుకున్న. నల్లా వోతదని ఉరికిన, జర నిలవడి అడగకపోతి." బిందె అక్కడే వదిలేసి కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "కూసో. ముద్దపప్పు ఉన్నది."

పళ్లెం ముందు కూర్చుని పప్పన్నం కలుపుతూ, ఏమనకపోతె తిన్నవనే అనుకున్న అన్న మాట దగ్గర రాజేశ్వరి చెయ్యి ఆగింది. స్క్రీన్ మీద పాస్ అన్న అక్షరాలు గుర్తొచ్చాయి. పెట్టె రెండో చుట్టు తిరిగి వచ్చేలోగా సాఫ్ట్‌వేర్ మూడు సెకన్లు చూసి పక్క మెట్టుకు వెళ్లిపోయింది. ఏమీ అనలేదు కాబట్టి బాగుందని రాసుకుంది. ప్రతి మెట్టు దగ్గరా అంతే. పొద్దుటి నుంచి మధ్యాహ్నందాకా ఆ పెట్టెను అడిగి, అది నోరు తెరిచేలోగా వెళ్లిపోతూనే ఉన్నారు.

భయం వేయాలి కదా, వేయలేదు. తప్పు జరిగిందని తెలిసింది, అంతే. ముద్ద నోట్లో పెట్టుకుంది. పొద్దున్నే వెళ్లి ఆపాలనుకుంది.

పొద్దున్నే సోమశేఖర్ గదిలో రిపోర్టు సంతకానికి తయారుగా ఉంది. రామ్‌చందర్ అప్పటికే వచ్చి కూర్చున్నాడు. రాజేశ్వరి పెన్ను తీయకుండా, పరీక్ష మళ్లీ చేయాలని చెప్పింది. ఆగే సమయం తక్కువ పెట్టింది తానేనని కూడా చెప్పింది.

రామ్‌చందర్ కుర్చీలోంచి లేచాడు. "పాసైన పెట్టెను పట్టుకొచ్చి మళ్ల ఫెయిల్ చేస్తరా? దునియల ఎక్కడన్న ఉన్నదా గిట్ల? కింద లారీ నిలవడ్డది మేడం!"

"ఫెయిల్ చేయడం కాదండీ," ఆమె గొంతు పెంచలేదు. "నిన్న దాన్ని అడిగాం. జవాబు వినకుండా వెళ్లిపోయాం."

సోమశేఖర్ తల పట్టుకున్నాడు. భర్త పోయిన మనిషిని గట్టిగా అనలేడు. అనకుండానూ ఉండలేడు. "మేడం, మళ్ల మొత్తం రన్ చెయ్యాలంటె రెండు దినాలు వడ్తది. అక్కడ ట్రయల్ డేట్ ఫిక్స్ అయింది. నేనేం చెప్పాలె వాళ్లకు?"

"లోపల మనుషులు కూర్చుంటారు సార్," అంది రాజేశ్వరి.

ఆయన కిటికీలోంచి లారీ వైపు చూశాడు. "లంచ్ దాక. ఒక్క కేబుల్. ఏం దొరకకపోతె సంతకం పెట్టాలె."

ఒక్క కేబుల్ అంటే కళ్లకు పోయే కేబులే. దాని పొడుగును బట్టి ఏ ఫ్రీక్వెన్సీల దగ్గర అల్లరి ఎక్కువగా దూరుతుందో ఆమెకు అంచనా ఉంది. సాఫ్ట్‌వేర్‌ను పక్కన పెట్టి, చేత్తోనే, అక్కడి నుంచే మొదలుపెడదామంది. కొండల్ వెనక గదిలో నాబ్ దగ్గర కూర్చున్నాడు. ఆమె దుమ్ము పట్టిన కుర్చీ తుడుచుకుని జాలీ కిటికీ దగ్గర కూర్చుంది. రామ్‌చందర్ ఆమె వెనకే నిలబడ్డాడు, చేతులు కట్టుకుని.

స్పీకర్ గరగరమంది. "ఉన్నదా మేడం?"

ఈసారి ఆమె లేవలేదు. దీపం వెలుగుతోంది. ఒక చుట్టు అయింది. రెండో చుట్టు మొదలైంది.

"మేడం? ఉన్నదా?" కొండల్ మళ్లీ అడిగాడు. "ముందుకు తిప్పనా?"

"ఆగు కొండల్. నేను చెప్పేదాకా తిప్పకు."

"సరే మేడం."

రెండో చుట్టు అయింది. "ఉంది," అంది.

అలా మెట్టు తర్వాత మెట్టు. కొండల్‌కు పద్ధతి అలవాటైంది. ఒక్కసారి అడిగి ఊరుకుంటున్నాడు. స్పీకర్లో యాంప్లిఫయర్ హోరు, దాని వెనక కుర్చీ కిర్రుమనడం, మనిషి ఊపిరి. గోడ అవతల ఒక మనిషి చేస్తున్న పని ఆపుకుని, ఈమె నోటి మాట కోసం కూర్చున్నాడు. రాజేశ్వరికి లోపలెక్కడో నొప్పిగా అనిపించింది. ఫణి పోయాక అడిగినవాళ్లు తక్కువేం కాదు. ఎలా ఉన్నావు, తిన్నావా, నిద్రపడుతోందా. అందరూ మంచివాళ్లే. అందరికీ నల్లాలు ఉన్నాయి, వ్యాన్లు ఉన్నాయి. పెన్ను మూతతో బల్ల మీద కొట్టుకుంటూ ఆగే మనిషి ఒక్కడే ఉండేవాడు.

ఆమె దీపం వైపే చూస్తోంది. మొదటి చుట్టు అయింది. వెలుగుతోంది. వెనక రామ్‌చందర్, "బాగనే ఉన్నది గద," అని గొణిగాడు. రెండో చుట్టు తిరుగుతోంది. వెలుగుతోంది, వెలుగుతోంది, ఆరిపోయింది.

రామ్‌చందర్ కిటికీకి ముఖం ఆనించాడు. "ఏందిది? ఏమైంది?"

స్పీకరు అవతల కొండల్ ఆగే ఉన్నాడు.

"లేదు," అంది రాజేశ్వరి.

కరెంటు తగ్గించమంటే కొండల్ తగ్గించాడు. కాసేపటికి దీపం వెలిగింది. పెంచమంది. రెండు చుట్లు ఆగాక మళ్లీ ఆరిపోయింది. సోమశేఖర్ కూడా వచ్చి చూశాడు, బయటికి వెళ్లి లారీవాణ్ణి వెళ్లిపొమ్మన్నాడు. రామ్‌చందర్ గోడకు ఆనుకుని అలాగే కింద కూర్చున్నాడు. అరుస్తాడనుకుంది. అరవలేదు. "గీ కన్ను గుడ్డిదైతుండె. లోపట పిల్లగాండ్లు కూసుంటుండె గద మేడం," అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు.

"రాసుకున్న మేడం," స్పీకర్లో కొండల్ అన్నాడు. "ముందుకు పోదమా?"

పోదాం అనాలి. ఇంకా మెట్లున్నాయి, వేరే కేబుళ్లున్నాయి. రాజేశ్వరి నోరు తెరిచింది. ఆరిన దీపం వైపు చూస్తుంటే తోటకూర సంచి గుర్తొచ్చింది. వేళ్లకు మట్టితో, ఇంకా తడిగా ఉన్న కట్టలు. ఫణి ఇంటికి రాడు. ఆ మాట ఆమెకు ఎవరెవరో చాలాసార్లు చెప్పారు. ఇప్పుడు తెలిసింది. కిటికీ జాలీ పట్టుకుని, అందరూ చూస్తుండగా, రాజేశ్వరి బావురుమంది. రామ్‌చందర్ గాభరాగా లేచి, ఏం చేయాలో తెలియక, తలుపు దగ్గరగా వేసి బయట నిలబడ్డాడు.

స్పీకరు ఆన్‌లోనే ఉంది. అవతలి గదిలో కొండల్‌కు అంతా వినిపించింది. మేడం అని పిలవలేదు, ఏమైందని అడగలేదు. నాబ్ మీద చెయ్యి పెట్టుకుని, ఆమె జవాబు చెప్పేదాకా తిప్పకుండా కూర్చున్నాడు.